టికెట్టు తీయకముందే

కల్లావి



మేనల్లుడా, నీ భార్యకు స్టుట్‌గార్ట్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందనీ, నువ్వు హోసూరు ఫ్యాక్టరీ పని మానుకుని ఆమె వెంట పోవాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ గొంతులో సంతోషం సగం, దిగులు సగం. మీ నాన్న ఫోను అందుకోనే లేదు. ఊళ్ళో ఎవరో "కొడుకును జర్మనీకి ఇల్లరికం పంపుతున్నావంటనే" అన్నారట. ఆ మాట ఆయన్ను గుచ్చుకుంది. నిన్నూ గుచ్చుకునే ఉంటుంది, లేకుంటే ఈ వార్త నాకు నీ నోటనే తెలిసేది.

ముందు ఆ ఇల్లరికం సంగతి తేల్చేద్దాం. నేను పెళ్ళై హోసూరు పక్కనుంచి కల్లావి వచ్చినప్పుడు బడిలో టీచరు పని వదులుకుని వచ్చాను. "అయ్యో, ఉద్యోగం పోయిందే" అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆడపిల్ల మొగుడి వెంట పోతే కాపురమట, మగపిల్లవాడు పెండ్లాం వెంట పోతే ఇల్లరికమట! అన్నవాళ్ళను ఇదే మాట మా కాలపు ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి అనమను, చూద్దాం. మీ నాన్నతో నేను మాట్లాడతాను, అది నాకు వదిలెయ్.

నీకన్నా ముందే భార్య వెంట పోయినవాళ్ళున్నారు. ముత్తులక్ష్మి రెడ్డి పేరు బడి పుస్తకాల్లో చదివే ఉంటావు. అడయారు కేన్సర్ ఆసుపత్రి పెట్టిన డాక్టరమ్మ. 1914లో డాక్టర్ సుందరరెడ్డిని పెళ్ళి చేసుకునే ముందే ఆమె ఆయన దగ్గర మాట తీసుకుంది, తనను సమానంగా చూడాలని, తన ఇష్టాలకు అడ్డు రాకూడదని. 1925లో ప్రభుత్వ సాయంతో పైచదువుకు ఆమె లండన్ పోవాల్సి వస్తే భర్త, పిల్లలు కూడా వెంట వెళ్ళారు. ఆయనా డాక్టరే, ఆయనకూ ఇక్కడ పని ఉంది. నూరేళ్ళ కిందటి మద్రాసులో ఆయన్ను ఎవరూ ఒక్క మాట అనలేదంటే నేను నమ్మను. తిరిగొచ్చాక ఆమె మద్రాసు శాసనమండలికి ఉపాధ్యక్షురాలయింది. ఆయన్ను ఎద్దేవా చేసినవాళ్ళు ఎవరో, వాళ్ళేమయ్యారో ఎవరికీ అక్కర్లేకపోయింది. ఈ కథలో నాకు నచ్చింది లండన్ ప్రయాణం కాదురా, పెళ్ళికి ముందు జరిగిన ఆ మాటామంతీ.

ఎందుకంటే భార్యను ఇక్కడే వదిలి సాగిన చదువు కథ కూడా మనవాళ్ళలో ఉంది. భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుకు 1919లో శేషగిరితో పెళ్ళయింది. మామగారి సొమ్ము, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయం తోడై, 1920ల మొదట్లో ఆయన బోస్టన్ చేరి హార్వర్డ్‌లో చదివాడు. ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఏటీపీ బయటపెట్టాడు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ వంటి వాటి వెనక ఆయన చేయి ఉంది. గొప్పవాడే, సందేహం లేదు. కానీ 1948లో అమెరికాలోనే కన్నుమూశాడు, మధ్యలో ఒక్కసారీ ఇంటికి రాలేదు. శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. పుట్టిన కొడుకు పసితనంలోనే పోతే తండ్రి ఆ బిడ్డ ముఖం కూడా చూడలేదు. ఆయన కనిపెట్టినవి ఏ ఏడు ఏమిటో పిల్లలు పరీక్షలకు బట్టీ పడతారు. ఆమె సంవత్సరాలకు లెక్క రాసినవాళ్ళు లేరు.

చదువు ఒకరిదే అయినా ఆ సంవత్సరాలు ఇద్దరివి. అందుకని టికెట్టు తీయకముందే ఇద్దరూ కూర్చోండి. సిగ్గుపడకుండా కాగితం మీద రాసుకోండి.

మొదటిది గడువు. అక్కడ పీహెచ్‌డీ మూడేళ్ళని మొదలై ఐదేళ్ళకు సాగడం మామూలేనని అమ్మాయే నాతో చెప్పింది. నువ్వు మనసులో మూడనుకుని, ఆమె ఐదనుకుంటే నాలుగో ఏట ఇంట్లో తగువు ఖాయం. చదువు ముగిశాక ఎక్కడ ఉండాలో తేల్చే వంతు ఎవరిది? పిల్లలు మధ్యలోనా, తర్వాతా? ఇక్కడ మీ అమ్మకో, వాళ్ళ నాన్నకో ఒంట్లో బాగా లేకపోతే విమానం ఎక్కేదెవరు? వీటిలో సగానికి ఇప్పుడే జవాబు దొరకదు. దొరకనివి దొరకలేదనే రాసి పెట్టుకోండి.

రెండోది, ఇది నీకొక్కడికే చెబుతున్నా. "నీకోసం నా ఉద్యోగం వదులుకుని వచ్చాను" అనే మాట ఉందే, అది ఏదో ఒక రాత్రి నీ నోటిదాకా వస్తుంది. మంచు కురుస్తూ ఉంటుంది, నీకు పని దొరికి ఉండదు, ఆమె ప్రయోగశాల నుంచి ఆలస్యంగా వస్తుంది. ఆ రాత్రి ఆ మాట అనబోయేవాడివైతే ఇప్పుడే పోవడం మానుకో, ఎవరూ తప్పుపట్టరు. ఆమె నీకేమైనా బాకీ పడుతుందనుకుంటే అదేమిటో ఇక్కడే, మన భాషలో, ఆమె ముందు చెప్పెయ్. ఆమె ఒప్పుకుంటే సరి. అక్కడికి పోయాక మాత్రం పద్దు తీయకు.

డబ్బు సంగతీ అంతే. ఆమెకు పరిశోధన కాంట్రాక్టు మీద సంబళం వస్తుంది, కొన్నాళ్ళు నీకు రాదు. చేయి చాచి అడగడం ఎట్లా ఉంటుందో నేను ఎరుగుదును. ఇంటి ఖర్చుకు ఒక ఖాతా తెరవండి, నెల మొదట్లో డబ్బు అందులో పడాలి, ఇద్దరూ అడగకుండా తీసుకోవాలి. ఇది ఆమెకు కూడా చెప్పాను. "సరే పెద్దమ్మా" అంది. అత్త అనమంటే వినదు!

ఇక చట్టం మాట. నీ అదృష్టం, మీరు పోయేది జర్మనీకి. అక్కడ కుటుంబ వీసా మీద వచ్చిన భార్యకైనా భర్తకైనా పని చేసుకునే హక్కు ఉంది. అదే అమెరికాలో విద్యార్థి వెంట ఎఫ్-2 వీసా మీద పోయినవాళ్ళు ఉద్యోగం చేయకూడదు. బ్రిటన్ అయితే 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ చదివేవాళ్ళను భార్యనో భర్తనో వెంట తెచ్చుకోనివ్వడం లేదు, పీహెచ్‌డీ వంటి పరిశోధన చదువులకు సడలింపు ఉంది. కెనడా కూడా 2025 జనవరి 21 నుంచి బిగించింది. 16 నెలలకు తగ్గని మాస్టర్స్, పీహెచ్‌డీ, కొన్ని వృత్తి కోర్సులు చదివేవాళ్ళ జతకే పని అనుమతి. ఈ రూల్సు ఎప్పుడు మారతాయో దేవుడికే ఎరుక. మన వీధిలో ఎవరో "మా చెల్లెలి మొగుడు పోయాడు, ఏం కాలేదు" అన్నాడని ఆ మాట పట్టుకుని పోకు. అప్లికేషన్ వేసే రోజున రాయబార కార్యాలయం వాళ్ళు ఏం రాశారో అదే చూడు.

హక్కు ఉంటే పని దొరికినట్టు కాదు. నువ్వు సీఎన్‌సీ మెషిను మీద ఇన్నేళ్ళు పనిచేశావు, స్టుట్‌గార్ట్ బాష్, మెర్సిడెస్ ఉన్న ఊరు. కానీ నీ డిప్లొమా అక్కడ ఏ చదువుకు సమానమో వాళ్ళు చెప్పాలి. వృత్తి చదువులను అట్లా పోల్చి చూసేందుకు న్యూరెంబర్గ్‌లో ఐహెచ్‌కే ఫోసా అనే సంస్థ ఉంది. వాళ్ళకు మార్కుల లిస్టు ఒక్కటే చాలదు. ఏ సబ్జెక్టులు చదివావో, ఏ మెషిన్ల మీద ఏం పని చేశావో వివరంగా చూపాలి. పాలిటెక్నిక్‌కు పోయి సిలబస్ కాపీ, ఫ్యాక్టరీ నుంచి పని వివరాలతో సర్టిఫికెట్ ఇక్కడున్నప్పుడే తెచ్చుకో. రాజీనామా ఇచ్చాక హెచ్‌ఆర్ వాళ్ళు నీ ఫోను ఎత్తరు.

జర్మన్ నేర్చుకోవడం ఈ నెలలోనే మొదలుపెట్టు. అమ్మాయికిచ్చే అనుమతి ఏ రకమో దాన్నిబట్టి నిన్ను ఏ1 పరీక్ష అడగొచ్చు, అడగకపోవచ్చు. అడగకపోతే మేలని తప్పించుకోకు. నేను తెలుగు బడిలో చదివినదాన్ని. ఈ ఊరికి వచ్చేనాటికి తమిళం మాట వచ్చు, రాత రాదు. సామల్‌పట్టి స్టేషన్లో దిగి, ఊత్తంగరై బస్సు బోర్డు చదవలేక కండక్టర్ని అడిగేదాన్ని. అంగట్లో ఇచ్చిన చీటీ ఇంటికి తెచ్చి మీ మామతో చదివించుకునేదాన్ని. ఆయన మంచివాడే, విసుక్కోలేదు. అయినా నలుగురు పిల్లలకు పాఠం చెప్పినదాన్ని, పప్పు ధర చదివించుకోవడమా అనిపించేది. మా పక్కింటి పిల్ల మూడో క్లాసు వాచకం తెచ్చుకుని రాత్రిళ్ళు దిద్దాను. నీకు బెంగుళూరులో మాక్స్ ముల్లర్ భవన్ ఉంది, ఫోనులో పాఠాలున్నాయి. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం నాలుగూ పరీక్ష పెడతారు. ఆమె ప్రయోగశాలలో ఇంగ్లీషుతో గడిపేస్తుంది, ఇంటి ఓనరుతో, కరెంటు ఆఫీసుతో మాట్లాడాల్సింది నువ్వు.

మొన్న మీ అమ్మ మీ కాగితాలు మంచం మీద పరిచి ఫోటోలు తీసి పంపింది. నీ పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు ముందు ఒక్క అక్షరం, మన తమిళనాడు పద్ధతి. పాస్‌పోర్టులో ఆ అక్షరం విప్పి మీ నాన్న పేరు ఇంటిపేరు గడిలో పెట్టారు. అమ్మాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడే ఖాళీ. మన ఇంటిపేరు పెళ్ళి పత్రికలో తప్ప ఇంకెక్కడా లేదు. మూడు కాగితాలు చూసినవాడికి మీరు భార్యాభర్తలని ఎట్లా తెలుస్తుంది? ఏ స్పెల్లింగు ఉంచాలో ఇప్పుడే తేల్చుకోండి. పెళ్ళి రిజిస్టరు చేయించారా లేదా, ఆ ఫోటోల్లో ఆ కాగితం నాకు కనబడలేదు. మన రాష్ట్రంలో 2009 నుంచి అది తప్పనిసరి, పెళ్ళైన 90 రోజుల్లోపు చేయించాలి. గడువు దాటితే రుసుముతో ఇంకొంత వ్యవధి ఉంది. రేపే రిజిస్ట్రారు ఆఫీసుకు పో.

ఫ్యాక్టరీలో ఐదేళ్ళు ఎప్పుడు నిండుతాయో చూసుకో. గ్రాట్యుటీకి అది ముఖ్యం. నెలో రెండు నెలలో తక్కువైతే అమ్మాయిని ముందు పోనిచ్చి నువ్వు తర్వాత పో. పీఎఫ్ తీసి టికెట్లకు పెట్టకు. అక్కడ స్థిరపడ్డాక బ్యాంకు ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించాలి. తోపులో నీ వాటా గురించి మీ నాన్నకు భయం ఉన్నట్టుంది. విదేశంలో ఉన్నవాళ్ళు కొత్తగా పొలం కొనకూడదు గానీ, పెద్దల ఆస్తిగా వచ్చింది ఉంచుకోవచ్చు. ఈ మాట నువ్వే ఆయనకు చెప్పు, నేను చెబితే వేరుగా అనుకుంటాడు.

ఇంకొకటి. స్టుట్‌గార్ట్ వైపు అపార్ట్‌మెంట్లలో మెట్లు ఊడ్చి తుడవడం ఇంటింటికీ వారం వంతట. వంతు వచ్చినవాళ్ళ తలుపుకు చిన్న పలక వేలాడదీస్తారట. కేర్‌వొహె అంటారని అమ్మాయి చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను, నువ్వు చీపురు పట్టింది ఈ జన్మలో చూడలేదు గనుక. ఆమె పగలంతా పనిలో ఉంటే వంట నీదే. అన్నం కుక్కర్లో ఎవరైనా వండుతారు. సంగటి ఉండ కట్టకుండా కెలకడం, చారు పెట్టడం, నాలుగు కూరలు చేయడం మీ అమ్మ దగ్గర ఈ లోపల నేర్చుకో. మీ అమ్మ "నీకెందుకురా ఇది" అంటుంది. నవ్వేసి తెడ్డు అందుకో.

వచ్చే ఆదివారం ఇద్దరూ రండి. రాసుకున్న కాగితం తెచ్చి నాకు చూపించనక్కర్లేదు, రాశామని చెబితే చాలు. మధ్యాహ్నానికి మీ నాన్నను కూడా రమ్మన్నాను. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.

ఇట్లు,
మీ అత్త