యాడ దిగుతావురా?

ఏ ఊరికి బయల్దేరినా మా అమ్మ అడిగే మొదటి మాట ఒకటే. ‘‘యాడ దిగుతావురా?’’ ఎందుకు పోతున్నావని అడగదు. ఎప్పుడొస్తావని తర్వాత అడుగుద్ది. ఆమె నోట్లో ఒక జాబితా ఉంది. ఒంగోల్లో మేనమామ, నెల్లూర్లో పాస్టరుగారి ఇల్లు, గుంటూర్లో మా పల్లె నుంచి పోయి రిక్షా తొక్కినాయన కొడుకు, బెజవాడలో చిన్నమ్మ. ఆ జాబితాలో లేని ఊరైతే పొద్దున పోయి రాత్రికి తిరిగి రావాల్సిందే. చీకటి పడితే బస్టాండే. మా నాయన పాలేరు. బతికినన్నాళ్లూ లాడ్జి మెట్టెక్కలేదు.

అమెరికాలో నల్లవాళ్లకి ఇట్లాంటి జాబితా అచ్చులోనే ఉండేదని చదువుకున్నాక తెలిసింది. హార్లెంలో విక్టర్ గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936లో మొదలుపెట్టాడు. ఏ ఊళ్లో ఏ హోటలు, ఏ ఇల్లు నల్లవాళ్లని రానిస్తుందో అందులో ఉండేది. ‘గ్రీన్ బుక్’ అనేవాళ్లు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక కొన్నేళ్లకి దాని అవసరం తీరి ఆగిపోయింది. మాది అచ్చుకెక్కలేదు, ఆగిపోనూ లేదు.

చట్టాలకి మనకేం కొదవ? హోటళ్లలోకి కులం పేరుతో రానివ్వకపోవడం కూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్తుంది. 1955 అంటరానితనం నేరాల చట్టం ధర్మసత్రాల పేరెత్తి మరీ చెప్పింది. దాన్నే 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టం అన్నారు. పిల్లలకి ఆ పాఠం చెప్పేది నేనే. శ్రీశైలం పోయి చూడండి, కులానికొక సత్రం, గేటు మీద పెద్ద అక్షరాలతో పేరు. మావాళ్ల కోసం మా డబ్బుతో కట్టుకున్నాం, తప్పేంటి అంటారు. ఆ డబ్బు ఎవరి రెక్కల మీంచి వచ్చిందో అడిగితే మాత్రం మాట మారుస్తారు. అది వేరే లెక్క, ఇప్పుడొద్దు. నేను చెప్పాలనుకున్నది నా తప్పు గురించి.

2024 జనవరి 19న బెజవాడ స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరించారు. విగ్రహం 125 అడుగులు, కింద పీఠం 81 అడుగులు. పేపర్లో ఫొటో చూసి మా తొమ్మిదో తరగతి పిల్లలు నా వెంటపడ్డారు. ఫిబ్రవరిలో ఐదుగురిని తీసుకుని బయల్దేరా. ముగ్గురు పల్లె పిల్లలు, ఒకడు యానాది పిల్లోడు, ఒకడు ఊళ్లో పిల్లోడు. ఊరంటే ఏదో, పల్లె అంటే ఏదో మా కనిగిరి వైపు వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు.

అమ్మ అడగనే అడిగింది. చూస్తాలే అన్నా. చిన్నమ్మ కృష్ణలంకలో ఉంటుంది. మునిసిపాలిటీలో రోడ్లూడ్చే పని చేసింది. ఒకటే గది, పైన రేకులు. ఐదుగురు పిల్లల్ని అక్కడికెట్టా తీసుకుపోతానని నాకు నేను చెప్పుకున్నా. అసలు సంగతి అది కాదు. ఊళ్లో పిల్లోడు మాదిగ ఇంట్లో పండుకున్నాడని రేపు వాళ్లమ్మానాయనా బడి మీదికొస్తే? అదీ పూర్తిగా నిజం కాదు. నేను సారుని. ఆ పిల్లోడి కళ్లకి మా చిన్నమ్మ ఇల్లు చూపించడానికి నాకు సిగ్గేసింది.

మా బడిలోనే ఒక మాస్టారున్నాడు. మంచాయన. నా క్యారేజీలో పచ్చడి చెయ్యిపెట్టి వేసుకుని తింటాడు. ‘‘లాడ్జికి మూడువేలెందుకు తగలేస్తారు మాస్టారూ, మా సత్రం ఉంది. నేను ఫోన్ చేస్తా. ఏమన్నా అడిగితే మనోళ్లేనని చెప్పండి, సరిపోద్ది’’ అన్నాడు. ఆయన కల్మషం లేకుండానే అన్నాడు. పిల్లల తల్లిదండ్రులు తలా ఐదొందలిచ్చారు, ఆ డబ్బు మిగులుద్ది కదా అని నేనూ సరేనన్నా.

శుక్రవారం బడి అయ్యాక బస్సెక్కితే సత్రానికి చేరేసరికి రాత్రి పది దాటింది. గుమస్తా పెద్దాయన. ‘‘మాస్టారు ఫోన్ చేశారు. మనోళ్లేగా?’’ అన్నాడు రిజిస్టరు తిప్పుతా. నేను అవుననలేదు. కాదనీ అనలేదు. పెన్ను తీసుకుని పేరు రాశా. ఇంటిపేరు దగ్గర పొడి అక్షరం ఒకటి పెట్టా. ఇంటిపేరు రాస్తే తెలిసిపోద్ది. పొడి అక్షరం ఏ కులానికైనా సరిపోద్ది. తలెత్తితే యానాది పిల్లోడు నా చేతి వంకే చూస్తున్నాడు.

గదులు శుభ్రంగా ఉన్నాయి. పెద్దాయన మంచినీళ్ల బిందె తెచ్చిపెట్టాడు. పిల్లలు తిన్నారా అని అడిగాడు. దుప్పట్లు చాలకపోతే ఇంకో రెండు తెచ్చాడు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. కులం అడిగే హక్కు లేనివాడికి నిజం చెప్పాల్సిన బాధ్యత నాకెందుకుండాలి? ఇందులో ఎవరికి నష్టం? ఇట్టా తెల్లవార్లూ వాదించుకుని నేనే గెలిచా. గెలిచినా నిద్ర రాలేదు.

పొద్దున విగ్రహం చూసి, పిల్లలతో ఒక పక్కన నీడలో కూర్చున్నా. ఏమన్నా చెప్పండి సార్ అంటే బరోడా సంగతి చెప్పా. 1917లో అంబేడ్కర్ అమెరికా, లండన్‌లలో చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చాడు. వయసు 26. హిందూ హోటళ్లు రానివ్వవని తెలిసి పార్శీల సత్రానికి పోయాడు. పార్శీలకి తప్ప చోటు లేదంటే పార్శీ పేరు పెట్టుకుని రోజుకి రూపాయిన్నర ఇచ్చి ఉన్నాడు. పదకొండో రోజు పొద్దున పార్శీలు కర్రలతో వచ్చి, సాయంత్రానికల్లా పొమ్మన్నారు. ఒక హిందూ మిత్రుడు, ఒక క్రైస్తవ మిత్రుడు ఇంట్లో ఇబ్బందులు చెప్పారు. కామాఠీబాగ్ తోటలో గంటల తరబడి కూర్చుని, రాత్రి రైలుకి బొంబాయి వెళ్లిపోయాడు.

యానాది పిల్లోడు అన్నాడు: ‘‘అయితే రాత్రి మనం చేసిందీ అదేగా సార్?’’

మిగతావాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అదే అయితే ఎంత బాగుండేది! ఆయనకి బరోడాలో ఇంకో తలుపు లేదు. నాకు జేబులో జీతం ఉంది. రోడ్డుకి అటూ ఇటూ లాడ్జీలున్నాయి. చిన్నమ్మ ఇల్లు ఆటోకెళ్తే పది నిమిషాలు. ఆయన తర్వాత కూర్చుని ఆ పార్శీ పేరు సంగతి తన చేత్తోనే రాసిపెట్టాడు. నేను పొడి అక్షరం పెట్టి మూడువేలు మిగుల్చుకున్నా. గుమస్తాకి అబద్ధం చెప్పడం తప్పు కాదేమో, ఇప్పటికీ నాకు తేలలేదు. పిల్లల ముందు చెప్పడం వేరు. నోరు మూసుకుంటే దుప్పటి దొరుకుద్దని వాళ్లు నా దగ్గర నేర్చుకున్నారు. పుస్తకంలో ఉన్న 15వ అధికరణం కన్నా అదే బాగా ఎక్కుద్ది.

సత్రం ఖాళీ చేశాం. ‘‘మా చిన్నమ్మ ఇంటికి పోదామా?’’ అని అందరినీ అడిగి, ఊళ్లో పిల్లోడిని మళ్లీ విడిగా అడిగా. ‘‘పదండి సార్’’ అన్నాడు.

చిన్నమ్మ వాకిట్లోనే పట్టుకుంది. ‘‘రాత్రి వచ్చి సత్రంలో పండుకున్నావా అబ్బయ్యా? నేను చచ్చాననుకున్నావా?’’ నా దగ్గర జవాబు లేదు. ఆమెకి జవాబుతో పనీ లేదు. పక్కింటి నుంచి చాపలు, ఇంకో ఇంటి నుంచి టేబుల్ ఫ్యాను వచ్చాయి. ఎండుచేపల పులుసు పెట్టింది. ఊళ్లో పిల్లోడు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ‘‘ఈడు మనోడేనా?’’ అని చిన్నమ్మ నా చెవిలో అడిగింది. ఆమె కూడా అడిగింది! ‘‘కాదు’’ అన్నా. ఇంకో ముక్క వేసింది.

పిల్లలు వాకిట్లో వరసగా పండుకున్నారు. తొమ్మిదిన్నరకి ఊరి నుంచి ఆ పిల్లోడి తల్లి నా ఫోనుకి చేసింది. ఫోను వాడికిచ్చా. తిన్నావా అని అడిగినట్టుంది, తిన్నానన్నాడు. తర్వాత కాసేపు మాట్లాడలేదు. నా వంక చూశాడు.

‘‘సత్రంలోనే అమ్మా’’ అన్నాడు.