గండకి నుండి గృహమునకు

క్షేత్రయాత్ర చేయవలెనను కోరిక లేని వైష్ణవ గృహము ఉండదు. ఏటేట తిరుమల వెళ్ళివచ్చినను, శ్రీరంగమును కంచిని సేవించినను, హిమవంతుని ఒడిలోనున్న దివ్యదేశములను తలచినంతనే మనస్సు మరియొక విధముగ ఉప్పొంగును. ఆ కోరిక కొందరికి యౌవనముననే నెరవేరును. పెక్కుమందికి ఉద్యోగము, పిల్లల చదువులు, పెండ్లిండ్లు ముగిసి మోకాళ్ళు మొరాయించు వేళకుగాని తీరదు. అయితే ఇన్నేండ్లు మోసిన ఆ కోరిక మనలను స్వామి చెంతకు చేర్చుచున్నదా, లేక ఆయన ఎదుటనే ఉండగా మన చూపును మరియొక చోటికి మరల్చుచున్నదా? ఈ ప్రశ్న వేసికొనువారు అరుదు.

నూట ఎనిమిది దివ్యదేశములలో సాలగ్రామ క్షేత్రము ఒకటి. శ్రీరంగము, వేంకటాద్రి, శ్రీముష్ణము, తోతాద్రి, పుష్కరము, నైమిశారణ్యము, బదరికాశ్రమములతోపాటు దీనిని ఎనిమిది స్వయంవ్యక్త క్షేత్రములలో పెద్దలు పరిగణించిరి. తిరుమంగై ఆళ్వారు పెరియ తిరుమొళియందు పది పాశురములతో ఇచటి స్వామికి మంగళాశాసనము చేసినారు. నేపాళ దేశమున ముస్తాంగ్ జిల్లాలో, సముద్రమట్టమునకు 3,700 మీటర్లకు పైబడిన ఎత్తున నున్న ముక్తినాథమునే శ్రీవైష్ణవులు ఈ దివ్యదేశముగా సేవించుచున్నారు. పెరుమాళ్ళకు శ్రీమూర్తి యనియు, తాయారునకు శ్రీదేవి యనియు తిరునామములు. ఆలయము వెనుక అర్ధచంద్రాకారముగ నూట ఎనిమిది ధారలు మంచునీటిని కురియుచుండును. బౌద్ధులకును ఇది పుణ్యస్థలమే.

గోదావరి తీరమున ఒక గ్రామములో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడొకరు ఉండెను. ఆయనకు ముప్పది ఏండ్లుగా ముక్తినాథ యాత్రయే కల. పర్వతముల పటము నొకదానిని గోడకు తగిలించి, దారిలోని ఊళ్ళ పేర్లను వల్లించుచుండెడివాడు. ఆయన ఇంట ముత్తాతగారు కాశీయాత్రలో ఒక సాధువు నుండి పొందిన సాలగ్రామ మూర్తి కలదు. నాలుగు తరములుగా ఆ మూర్తికి తిరువారాధనము తప్పలేదు. ఇప్పుడు ఆయనకు డెబ్బది దాటినవి. ఒక్కడే కుమారుడు అమెరికాలో ఉద్యోగము. "ఉదయము ఏడు గంటలకు ఇల్లు విడిచే నాకు మడి ఎక్కడిది, నైవేద్యము ఎక్కడిది? అపచారము చేయుటకంటె చేయకుండుటయే మేలు గదా!" అని అతడు తండ్రికి చెప్పియుండెను. ఆరాధన లేక పెట్టెలో ఉంచుటకంటె నదిలో విడుచుటయే ధర్మమని పెద్దలు చెప్పగా ఆయన విన్నాడు. కావున యాత్ర నెరవేరునప్పుడు స్వామిని వచ్చిన గండకికే అప్పగింపవలెనని నిశ్చయించుకొనెను. తన కల ఫలించు దినమే తన ఇల్లు శూన్యమగు దినమని తెలిసియు, ఆ మాటను భార్యకు సైతము చెప్పలేదు.

ఒక ఆశ్వయుజ మాసమున కుమారుడు సెలవుపై వచ్చి తలిదండ్రులను యాత్రకు తీసికొనిపోయెను. గోరఖ్‌పూర్ మీదుగా సునౌలి వద్ద సరిహద్దు దాటి, బుట్వల్ నుండి కొండదారి పట్టిరి. రామ్ది వంతెనపై మొదటిసారిగా కాళీగండకి దర్శనమయ్యెను. మూడు దశాబ్దములు పటముపై నీలిగీతగా చూచిన నది క్రింద ఘోషించుచు పారుచుండగా వృద్ధుడు ఒడిలోని సంపుటమును గట్టిగా పట్టుకొనెను.

పొఖరా లోయ సరస్సుల సీమ. ఫేవా, బేగ్నాస్, రూపా అను తటాకములు కొండల నడుమ అద్దములవలె నుండును. ఫేవా సరస్సు నడుమ చిన్న దీవిలో వారాహీదేవి ఆలయము కలదు. గాలి లేని ప్రాతఃకాలమున 6,993 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే శిఖరము ఆ నీటిలో తలక్రిందుగా కనుపించును. మత్స్యపుచ్ఛము, అనగా చేపతోక, అను మాటకు అది అచటి రూపము. ప్రళయజలములలో మత్స్యమై వేదములను కాపాడిన స్వామిని తలచుకొని ఆ తల్లి ఒడ్డునుండియే నమస్కరించెను. భర్త బసలోని కిటికీ చెంత తిరువారాధనము ముగించి, ఆకసమువైపు కాక చేతిలోని మూర్తివైపే చూచుచుండెను.

అచటినుండి బేని చేరినచో గండకీ లోయ మొదలగును. పూర్వము యాత్రికులు ఈ దారిని అనేక దినములు నడువవలసియుండెను. లేనిచో చిన్న విమానమున జోమ్సోమ్ చేరవలసియుండెను. నేడు మోటారు దారి కలదు గాని అది సుఖమైన దారి కాదు. వర్షాకాలమున కొండచరియలు విరిగిపడును. తాతోపాని వద్ద వేడినీటి ఊటలు, రూప్సే వద్ద జలపాతము దాటి పైకి పోవుకొలది, ఒకవైపు 8,167 మీటర్ల ధవళగిరి, మరియొకవైపు 8,091 మీటర్ల అన్నపూర్ణ నిలిచి, నడుమ నది సన్నని దారముగ మారును. పర్వతములు లేచుచున్నను నది తన త్రోవను విడువక కోసికొనుచునే వచ్చినదని భూశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఆ లోయలోనే వారు మరియొక విషయమును చెప్పుదురు. ఈ పర్వతములు ఒకప్పుడు సముద్రగర్భము. సాలగ్రామ శిలలలోని చక్రములు కోట్లాది సంవత్సరములకు పూర్వము ఆ సముద్రమున బ్రతికిన గుల్లప్రాణుల ముద్రలు. వజ్రకీటము తొలిచిన చక్రములని మన పురాణములు చెప్పును. ఏ విధముగ చెప్పుకొన్నను భక్తునికి తెలియవలసినది ఒక్కటి. సముద్రమున నున్నవాడు పర్వతమునకు, పర్వతము నుండి నదికి, నది నుండి ఒక సాధువు జోలెకు, ఆ జోలె నుండి గోదావరి తీరమున ఒక పెంకుటింటి దేవుని గూటికి వచ్చినాడు. మనము ఆయనకై యాత్ర చేయవలెనని కలలు కనుటకు ఎంతో ముందే ఆయన మనకై యాత్ర చేసినాడు.

ఈ నదీతీరముననే భరత మహారాజు తపస్సు చేసెనని శ్రీమద్భాగవత పంచమస్కంధము చెప్పుచున్నది. తెలుగు భాగవతమున ఆ స్కంధమును రచించినవాడు గంగన. రాజ్యమును, పుత్రులను విడిచి పులహాశ్రమమునకు వచ్చిన ఆ రాజర్షి, సింహగర్జనకు బెదరి నదిని దాటబోయిన లేడి గర్భము నుండి జారి నీటబడిన పిల్లను కాపాడెను. కాపాడుట తప్పు కాదు; అది దయ. కాని దానికి మేత, దానికి కావలి, దాని ఆట అనుచు దినదినమునకు ఒక్కొక్క నియమము జారిపోయెను. ఒకనాడు ఆరాధనయే ఆగెను. తుదిక్షణమున లేడినే తలచి లేడిగా పుట్టెను. ఎంత పుణ్యభూమి! చేతికందు దూరమున ఎన్ని సాలగ్రామములు! అయినను మనస్సు లేనిచోట క్షేత్రమేమి చేయగలదు?

జీపులో కూర్చుండి ఈ కథను భార్యకు చెప్పుచు చెప్పుచు ఆ వృద్ధుడు నడుమ ఆగిపోయెను. గోడపైని పటము ఆయనకు గుర్తునకు వచ్చెను. ఎన్ని ఉదయములు తిరువారాధనమును తొందరగా ముగించి ఆ పటము ఎదుట నిలిచితిని! గండకి నుండి వచ్చినవానిని గూటిలో ఉంచి గండకికై కలలు కంటిని! "నా లేడిపిల్ల ఈ యాత్రయే" అని ఆయన మెల్లగా అనెను. భార్యకు ఆ మాట అర్థము కాలేదు.

జోమ్సోమ్ చేరునప్పటికి మధ్యాహ్నము దాటెను. ఆ లోయలో ఆ వేళకు నిలువనీయని గాలి లేచును. చలికి, ఎత్తునకు తాళలేక ఆయన జ్వరముతో పడియుండి, తెల్లవారినను లేవలేకపోయెను. కుమారుని పిలిచి, "ఈ ఒక్క పూట నీవు చేయవలెను. నీరు, తులసిదళము, బెల్లపు ముక్క, ఒక సాష్టాంగము. అంతకంటె ఏమియు వద్దు" అనెను. ఉపనయన సమాశ్రయణములు పొందినవాడే యగుటచే అతడు స్నానము చేసి కూర్చుండెను. చేతులు వణకినవి. మరచితిననుకొన్న మంత్రము నోటికి వచ్చెను. పావుగంట గడచునప్పటికి ఆరాధన ముగిసెను. తండ్రికి తీర్థమిచ్చుచు అతడు తలవంచుకొనెను.

ఆ దినము విశ్రమించి మరునాడు కాగ్‌బేని చేరిరి. ఝోంగ్ నది కాళీగండకిలో కలియు ఆ సంగమమున యాత్రికులు పితృదేవతలకు పిండప్రదానము చేయుదురు. ఆ కార్యము ముగిసిన పిమ్మట వృద్ధుడు సంపుటము తెరచి, మూర్తిని అరచేతిలో ఉంచుకొని నీటిలోనికి దిగెను. భార్యకు అప్పుడే అర్థమయ్యెను. ఆమె ఒక మాటైనను అనక పమిటచెంగు నోటికి అడ్డముగ పెట్టుకొనెను.

కుమారుడు బూట్లు విడిచి, వెంట నీటిలోనికి వచ్చెను. "నాన్నగారూ, నిన్న చేసినంత నేను రోజూ చేయగలను. అంతకంటె ఎక్కువ చేయగలనని మాట ఇవ్వలేను. అది చాలునా?" అని అడిగెను.

తండ్రి వెంటనే బదులు చెప్పలేకపోయెను. తాను చేసిన విస్తారమైన ఆరాధన, తొందరపడిన ఉదయములు ఆయన కన్నుల ఎదుట నిలిచినవి. "చాలునో చాలదో చెప్పవలసినవాడను నేను కానురా" అని, ముత్తాతగారికి లభించిన ఆ మూర్తిని వంగి గండకీజలములో ఒకసారి తడిపి, కుమారుని దోసిట ఉంచెను. ఆకు, పువ్వు, పండు, నీరు చాలునని గీతాచార్యుడు ఏనాడో చెప్పియున్నాడు. ఆ మాటను మనము నమ్మకపోవుటయే మన కష్టము.

ఆ సాయంకాలము వారు మెల్లగా ముక్తినాథము చేరి శ్రీమూర్తిని సేవించిరి. తీర్థయాత్ర చేయవలదని ఈ కథకు అర్థము కాదు. శక్తి గలవారు వసంతమునగాని శరత్తునగాని తప్పక పోవలెను; వృద్ధులు దారిలో ఒకటి రెండు దినములు ఆగి, శరీరము ఎత్తునకు అలవాటుపడిన పిదప పైకి ఎక్కవలెను. కాని బయలుదేరుటకు ముందు ఇంటి దేవుని గూటి ఎదుట ఒక్క గడియ నిలువవలెను. అంతదూరము నడచివచ్చి మన ఇంట కూర్చున్న అతిథికి ఈనాడు నీరైన ఇచ్చితిమా అని తలచుకొనవలెను. పిల్లలకు పెద్ద ఆచారమును చూపి భయపెట్టుటకంటె చిన్న ఆరాధనను చేతికిచ్చి అలవాటు చేయవలెను. పెద్దది చేయలేమను భయముతో చిన్నది మానిన ఇండ్లే నేడు ఎక్కువ.

సాలగ్రామ క్షేత్రవాసి యగు శ్రీమూర్తి పెరుమాళ్ళు ప్రతి గృహమునను నిత్యారాధన నిలుచునట్లు అనుగ్రహించుగాక!