అమ్మ అడిగింది ఒకటి, నాకు వినిపించింది ఒకటి

ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో మొదటిది శ్రవణం. వినడమేగా, అన్నిటికంటే తేలిక అనుకునేవాణ్ణి, పోయిన నెల దాకా.

ఒక రాత్రి క్యాబ్‌లో ఆఫీసు కాల్ మధ్యలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. బయట ఒకటే హారన్ల గోల. చివర్లో "తిన్నావా?" అన్నది వినిపించింది. "తిన్నానమ్మా, మీటింగ్‌లో ఉన్నా" అని పెట్టేశాను. రెండు రోజుల తర్వాత అక్క తిట్టింది. నాన్న బాత్రూంలో జారిపడ్డారు, మణికట్టుకి కట్టు వేశారు. అమ్మ అది చెప్పి, "విన్నావా?" అని అడిగిందట. నేను "విన్నానమ్మా" అన్నానని అనుకుందట. అంటే రెండు రోజులు, నాన్న పడ్డారని విని కూడా నేను ఫోన్ పెట్టేశాననే అనుకుంది.

ఇందులో నా తప్పెంత?

శబ్దం కర్ణభేరిని, మూడు చిన్న ఎముకల్ని దాటి, నత్తగుల్లలా ఉండే కోక్లియాలోకి వెళ్తుంది. అక్కడ దాదాపు 15,000 హెయిర్ సెల్స్. వాటిలో కొన్ని దాన్ని నరాల సిగ్నల్‌గా మారుస్తాయి, మిగతావి దాన్ని పెంచి అందిస్తాయి. ఇంతవరకు నాకు అర్థమయ్యే ఇంజనీరింగే. ఊహించడం ఆ తర్వాత, మెదడులో. 1970లో రిచర్డ్ వారెన్ అనే అమెరికన్ సైకాలజిస్టు రికార్డు చేసిన వాక్యంలో ఒక్క శబ్దం కోసేసి, ఆ చోట దగ్గు పెట్టాడు. విన్న 20 మందిలో 19 మంది ఏ శబ్దమూ పోలేదన్నారు. లేనిదాన్ని నిజంగానే విన్నారు!

మెదడు పూరించింది, నేనేం చేయను అని మొదట సర్దిచెప్పుకున్నా. కానీ ఎక్కణ్ణుంచి తెచ్చి పూరించింది? అమ్మ ఫోన్ చేస్తే అడిగేది 'తిన్నావా' ఒక్కటే అనే లెక్క నాలో ముందే ఉంది, కీబోర్డులో ఆటోకంప్లీట్ లాగా. ఆ క్షణం నా చేతిలో లేదు, ఒప్పుకుంటాను. ఆ లెక్కని ఏళ్ళ తరబడి పెంచింది మాత్రం నేనే. మళ్ళీ అడగడానికి ఒక్క సెకను చాలు. (మేనేజర్ గొంతు తెగితే మాత్రం "సారీ, మళ్ళీ చెప్తారా" అని వెంటనే అడుగుతాను.)

యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి శ్రవణంతో ఆపలేదు, ఆ తర్వాత మననం అన్నాడు. అది వేదాంత పాఠాలకే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

నిన్న రాత్రి అమ్మ చేసింది. ఇయర్‌ఫోన్స్ తీసేసి, "ఏమన్నావమ్మా, ఇంకోసారి చెప్పు" అన్నాను.

"తిన్నావా అన్నాన్రా. చెవుడొచ్చిందా ఏంటి?"