పంచేవాడి పోగు

మా గూడెంలో భూమి పండుగనాడు మేకల్ని కోశాక మాంసం పోగులు వేస్తారు. చందా ఇచ్చిన ఇంటికి ఒక పోగు. ఆకులు పరిచి, ఇళ్ళ లెక్క చూసుకుని, కండ, ఎముక, కొవ్వు, పేగు అన్నీ ప్రతి పోగులో పడేటట్టు వేస్తారు. ఈ పని చాటుగా జరగదు. పిల్లలు చుట్టూ చేరి పోగులు లెక్కపెడుతుంటారు. ఎవరో ముసలాయన కూర్చున్నచోటి నుంచే "ఆ మూడోది చిన్నగుంది" అంటాడు. పంచేవాడు ఇంకో ముక్క వేస్తాడు. నన్ను అనుమానిస్తావా అని కోపం తెచ్చుకోడు. అందరూ తీసుకుపోయాక మిగిలిన పోగు అతనిది. అతను దొంగని కాదు, పంచుతున్నాడు కాబట్టి.

మంత్రుల జీతం సంగతి ఎప్పుడు వచ్చినా నాకు ఈ పోగులే కళ్ళలో మెదులుతాయి. ఈ సంగతి నా దగ్గరకు తెచ్చింది ఐదో తరగతి పిల్ల. ఒకరోజు పాఠంలో సర్పంచి, ఎమ్మెల్యే, మంత్రి ఏమేం చేస్తారో చెబుతున్నాను. ఆ పిల్ల లేచి, "మంత్రికి ఎంతొస్తది సార్?" అంది. నాకు తెలియదు. ఇరవై ఏళ్ళుగా జీతం తీసుకుంటున్న ప్రభుత్వ టీచరును, ప్రభుత్వాన్ని నడిపే మనిషికి ఎంత ఇస్తారో చెప్పలేకపోయాను. "రేపు చెబుతా" అన్నాను. ఆ రేపు ఇంకా పూర్తిగా రాలేదు.

నిజం చెప్పాలంటే పిల్ల ప్రశ్నకంటే ముందు నన్ను గుచ్చింది వేరే ఉంది. మా ఊళ్ళో నా జీతం ఎంతో అడగని మనిషి లేడు. ఇప్పపువ్వు ఏరుకొచ్చే అక్కలు అడుగుతారు, కల్లు తాగి వచ్చే మామ అడుగుతాడు. "సారూ, నెలకెంత? మావాడికి రెండెక్కాలు రాకపోయినా అంతే ఇస్తరా?" నాకు మండేది. నేను వాళ్ళ ధాన్యం ఎన్ని బస్తాలైందని అడుగుతానా? మర్యాదగల మనిషి ఇంకొకరి సంపాదన అడగడని నా లెక్క. మాట దాటవేసేవాణ్ణి. ఒకసారి తగ్గించి కూడా చెప్పాను. ఆ మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ రాయకపోతే మిగతాదంతా రాసే హక్కు నాకు ఉండదు.

మామ తప్పు అడగలేదు. తన చేలో పండిన కందులు ఎన్నో చెప్పాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. నా జీతం అలాంటిది కాదు. అది ఆయన కొన్న సబ్బు మీద, బీడీకట్ట మీద కట్టిన పన్నులోంచి కూడా వచ్చింది. చేతికి అందాక దానితో నేనేం కొన్నాను, ఎవరికి పంపాను, ఎంత దాచాను అన్నది నా సొంతం. చేతికి ఎంత అందింది అన్నది మాత్రం ఊరిది కూడా. ఈ గీత తెలుసుకోవడానికి నాకు నలభై ఏళ్ళు దాటాయి.

చట్టం ఈ గీతను ఎప్పుడో గీసింది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్, ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన అధికారులు, ఉద్యోగుల నెల జీతాలు ఎవరూ అడగకముందే ప్రకటించాలంటుంది. అంటే మామకు నేను చెప్పకుండా దాచింది గోడ మీద ఉండాల్సిన సంగతే. కాకపోతే ఆ వాక్యంలో అధికారులు, ఉద్యోగులు అనే ఉంది. మంత్రి అనే మాట కనపడదు.

నాకూ మంత్రికీ అసలు తేడా అంకెలో లేదు. నా జీతం నేను వేసుకోను. పీఆర్సీ కమిటీ కూర్చోవాలి, సంఘాలు ధర్నా చేయాలి, ప్రభుత్వం ఒప్పుకోవాలి. రాష్ట్ర మంత్రుల జీతాన్ని రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం శాసనసభ చట్టం చేసి నిర్ణయిస్తుంది. ఆ సభలో మెజారిటీ ఎవరిది? ఆ మంత్రులదే. మన ఉమ్మడి రాష్ట్రంలో దానికి 1953 నాటి చట్టం ఉంది, దాన్నే సవరించుకుంటూ వస్తున్నారు. పోగులు వేసే చెయ్యీ, తీసుకునే చెయ్యీ ఒకటే. ఇందులో నేరం లేదు, ఎవరో ఒకరు నిర్ణయించాలి కదా. కానీ మా గూడెం లెక్కలో ఇలాంటివాడి పోగే అందరికంటే బాగా కనపడాలి.

కనపడుతుందా అంటే, సగం. 2016 మార్చిలో తెలంగాణ శాసనసభ జీతాలు పెంచుకున్నప్పుడు పేపర్లన్నీ రాశాయి. ఎమ్మెల్యేకు నెలకు రెండున్నర లక్షలు. అందులో జీతం అని పిలిచేది 20 వేలే, మిగిలిన 2 లక్షల 30 వేలు నియోజకవర్గ భత్యం. "ఎమ్మెల్యే జీతం ఎంత?" అని ఎవరైనా అమాయకంగా అడిగితే, "ఇరవై వేలు" అని జవాబిచ్చినవాడు అబద్ధం చెప్పినట్టు కాదు! మంత్రికైతే దీనిపైన ఇల్లు, కారు, ప్రయాణాలు, వైద్యం. జీతం అనేది పోగులో పైకి కనిపించే ముక్క, కిందిది ఆకు ఎత్తితేగాని తెలియదు.

ఆకు ఎత్తడానికి ఒక్కోసారి నలభై ఏళ్ళు పడుతుంది. ఉత్తరప్రదేశ్‌లో 1981లో ఒక చట్టం చేశారు. ముఖ్యమంత్రి, మంత్రులు కట్టాల్సిన ఆదాయపు పన్నును ఖజానా కడుతుంది. మంత్రులు పేదవాళ్ళు, చాలీచాలని జీతంలోంచి పన్ను కట్టలేరు అని అప్పుడు చెప్పిన కారణం. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, పేదల పేరుతో గెలిచినవాళ్ళు వచ్చారు, కోట్ల ఆస్తులు అఫిడవిట్‌లో రాసినవాళ్ళు వచ్చారు. పన్ను మాత్రం ఖజానాయే కట్టింది. 2019 సెప్టెంబరులో ఒక పత్రిక బయటపెట్టాక, ఇకమీద ఎవరి పన్ను వాళ్ళే కట్టుకుంటారని ప్రభుత్వం ప్రకటించింది. మధ్యప్రదేశ్‌లో ఇలాంటి ఏర్పాటే 1972 నుంచి నడిచి 2024 జూన్‌లో ఆగింది.

ఇందులో రహస్యం ఏమీ లేదన్నదే నన్ను తొలిచేసే విషయం. అది చట్టం. సభలో చదివి, గెజిట్‌లో అచ్చేసిన చట్టం. తలుపు తెరిచే ఉంది, లోపల దీపం లేదు, అంతే. మన దగ్గరా చట్టాలు, జీవోలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. కోయభాషలో ఒక్క జీవో చదివిన గుర్తు నాకు లేదు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలు ఇంటర్నెట్‌లో పెట్టడమే ఆపేసింది, 2024లో మళ్ళీ మొదలైంది. చదవలేనివాడికి తెరిచిన పుస్తకం, మూసిన పుస్తకం ఒకటే. ఈ మాట రోజూ పిల్లలతో కుస్తీపట్టే నాకంటే ఎవరికి బాగా తెలుసు?

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఉపాధి హామీలో గడ్డపార పట్టిన మా అక్క ఏ వారం ఎన్ని రోజులు పని చేసింది, ఎంత కూలి పడింది అన్నది పేరుతో సహా కంప్యూటర్‌లో ఉంది. అమెరికాలో కూర్చున్నవాడు కూడా చూడొచ్చు. సామాజిక తనిఖీ వాళ్ళొచ్చి గ్రామసభలో చదువుతారు. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో పంచాయతీ ఖర్చుపెట్టిన డబ్బుకు గ్రామసభ ధ్రువపత్రం ఇవ్వాలి. ఇదంతా మంచిదే, నేను కాదనను. మా అక్క ఏనాడూ "నా కూలి నా వ్యక్తిగతం" అనలేదు. అసలు సమాచార హక్కు పుట్టిందే కూలి లెక్క నుంచి. 1990ల్లో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు మస్టర్ రోల్స్ చూపించమని అడిగి, ఊరి మధ్య టెంటు వేసి బయటికి చదివించారు. రాని కూలీల పేర్లు, కట్టని గోడల బిల్లులు అక్కడే తేలాయి. కూలివాడి మస్టర్ దగ్గర మొదలైన చట్టం మంత్రి బిల్లు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తడబడాలి?

పిల్లకు ఇచ్చిన మాట కోసం నేను పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి దరఖాస్తు వేశాను. 2020 మార్చి చివర్లో కరోనా వచ్చి తెలంగాణ ప్రభుత్వం జీతాలు కోసింది గుర్తుంది కదా. మంత్రులకు, ఎమ్మెల్యేలకు 75 శాతం, మాలాంటి ఉద్యోగులకు సగం, నాలుగో తరగతి వాళ్ళకు పది శాతం. పెద్దవాళ్ళకు ఎక్కువ, చిన్నవాళ్ళకు తక్కువ, పంపకం న్యాయంగానే అనిపించింది. మాకు ఆపింది తర్వాత వాయిదాల్లో తిరిగొచ్చింది. మరి వాళ్ళకు? వచ్చిందా, ఎప్పుడు, ఎంత? దీన్నే ఒక ప్రశ్నగా రాశాను. రెండో ప్రశ్న, ఒక మంత్రికి ఏడాదిలో అన్ని పద్దుల కింద చెల్లించింది ఎంత అని. తోటి టీచర్లు భయపెట్టారు. "గవర్నమెంటు ఉద్యోగం చేసుకుంటూ మంత్రి జీతం అడుగుతవా? బదిలీ ఏ మూలకు కావాలి?" అన్నారు. నేను ఉన్నదే మూల అని నవ్వాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు.

జవాబు వచ్చింది. మొదటి ప్రశ్న మా కార్యాలయానికి సంబంధించింది కాదు. రెండోది వ్యక్తిగత సమాచారం.

ఏ కార్యాలయమో చెప్పను, అక్కడి గుమస్తా మీద నాకు కోపం లేదు. ఆ మాట అతను కనిపెట్టింది కాదు. మొదటి చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఉన్నా దానికి కట్టుబాట్లు ఉండేవి. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేనిదైతేనే ఆపాలి, ప్రజాప్రయోజనం పెద్దదైతే ఇవ్వాలి. ఇంకో అందమైన వాక్యం కూడా ఉండేది. పార్లమెంటుకో శాసనసభకో ఇవ్వనని చెప్పలేని సమాచారాన్ని మామూలు మనిషికీ ఇవ్వననకూడదు. అంటే మా మామనూ ఎమ్మెల్యేనూ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టిన వాక్యం. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ కట్టుబాట్లనూ ఆ వాక్యాన్నీ తీసేసింది. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. ప్రజాప్రయోజనం కోసం ఇవ్వొచ్చనే ఇంకో సబ్‌సెక్షన్ మిగిలే ఉంది, ప్రభుత్వం దాన్నే చూపిస్తుంది. కానీ మునుపు ఇవ్వనన్నవాడు కారణం చెప్పుకోవాల్సి వచ్చేది, ఇప్పుడు అడిగినవాడు చెప్పుకోవాలి. పై కమిషన్‌కు పోదామంటే, తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్ళకు పైగా కమిషనర్లే లేరు. అప్పటి అప్పీళ్ళ గుట్ట ముందు నా కాగితం ఎంత?

"వాళ్ళ జీతం మీద ఏడుపెందుకు సార్?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. ఓర్వలేనితనం ఉందేమో అని నన్ను నేను తడుముకున్నాను. కొంచెం ఉంది కూడా. కానీ మంత్రికి జీతం వద్దని నేను అనను. ఇంగ్లండులో పార్లమెంటు సభ్యులకు జీతం 1911లో మొదలైంది. అంతకుముందు భూములు, మిల్లులు ఉన్నవాళ్ళే ఎక్కువగా సభలో కూర్చునేవాళ్ళు. జీతం లేకపోతే రేపు మన గూడెం పిల్ల మంత్రి ఎలా అవుతుంది? బాగానే ఇవ్వండి. చూపించి ఇవ్వండి.

ఇంకొందరు గుమ్మడి నర్సయ్యగారి పేరు చెబుతారు. ఇల్లందు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యే అయిన మన కోయబిడ్డ, సైకిలు మీద, బస్సులో తిరిగిన మనిషి. అలాంటివాళ్ళుంటే ఏ చట్టమూ అక్కర్లేదంటారు. ఆయనంటే నాకు గౌరవం. కానీ పోగుల దగ్గర అందరూ నిలబడి చూసేది పంచేవాడు చెడ్డవాడని కాదు. మా తాత ఊరంతా మెచ్చిన మనిషి. ఆయన పంచినప్పుడూ పిల్లలం లెక్కపెట్టాం.

పోయిన నెల నా జీతం స్లిప్ ఒకటి ప్రింటు తీసి బడి గోడకు అంటించాను. ఎవరూ చెప్పలేదు, నేనే. చేయి వణికిందని ఒప్పుకుంటాను. మొదటి రోజే మామ వచ్చాడు. ఆయనకు చదువు రాదు, ఆ ఐదో తరగతి పిల్లను పిలిచి వేలుపెట్టి ఒక్కో వరుసా చదివించుకున్నాడు. మొత్తం అంకె విని "అబ్బో" అన్నాడు. నేను ముందు తగ్గించి చెప్పింది గుర్తుందేమో, నావైపు ఒక చూపు చూశాడు గానీ ఏమీ అనలేదు. పట్టింపుల దగ్గర ఆగాడు.

"ఇదేంది, కోత?"

"ఆదాయపు పన్ను మామా. నా జీతంలోంచి సర్కారుకు."

"మంత్రి కూడా కడతడా, లేక అదీ మనమేనా?"

ఉత్తరప్రదేశ్ సంగతి చెప్పాను. మన దగ్గర ఎలా ఉందో కాగితం చూసి చెబుతానన్నాను. కొత్త దరఖాస్తు బల్ల మీదే ఉంది. ఈసారి జీతం అనే ఒక్క మాటతో సరిపెట్టకుండా, ఏ పేరుతో ఇచ్చినా సరే అని రాస్తున్నాను. మామ ప్రశ్నను మూడోదిగా చేర్చాను.