ఆడపిల్లకు లెక్కలెందుకు?



మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరపకోతలు, పదో తరగతి పరీక్షలు దాదాపు ఒకే కాలంలో వస్తాయి. కోతకు కూలీలు చాలకపోతే ఇంట్లో ఎవరిని బడి మాన్పిస్తాం? గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పండి. "అమ్మాయేగా, రెండు రోజులు మానితే ఏమైంది?" అంటాం. ఆ రెండు రోజుల్లో పోయిన లెక్కల పాఠం ఆ పిల్లకు మళ్లీ ఎవరు చెబుతారు?

తర్వాత ఇంటర్‌లో చేర్పించే రోజు వస్తుంది. అప్పు తెచ్చి పత్తి వేసిన రైతు ఒక్కరికే పెద్ద ఫీజు కట్టగలడు. కొడుకును ఎంపీసీలో చేర్చి, కూతురితో "నీకెందుకమ్మా ఆ లెక్కల గొడవ, తేలికైన గ్రూపు తీసుకో" అంటాడు. ఆయన చెడ్డవాడు కాడు. కూతురంటే ప్రాణమే. కాని ఎవరికి లెక్కలు బాగా వస్తాయో చూడకుండా, ఎవరు మగపిల్లాడో చూసి నిర్ణయించడం న్యాయమేనా?

"మా అమ్మాయికే ఇష్టం లేదండీ" అంటారు కొందరు. నిజమే కావచ్చు. కాని పదేళ్లు "నీవల్ల కాదు" అని విన్న పిల్ల చివరికి "నాకు వద్దు" అంటే, ఆ మాట ఆమెదా, మనదా? చదువులో వెనుకబడ్డారని అనడానికీ వీల్లేదు. 2024 పదో తరగతి పరీక్షల్లో మన రాష్ట్రంలో బాలికలు 89.17 శాతం, బాలురు 84.32 శాతం ఉత్తీర్ణులయ్యారు.

ఒక ప్రోత్సాహపు మాట ఎంత దూరం పోతుందో మన గుంటూరే సాక్షి. 1887లో ఆస్ట్రేలియాలో పుట్టిన మేరీ గ్లౌరీ మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో మొదట ఆర్ట్స్ కోర్సులో చేరారు. తండ్రి ప్రోత్సాహంతో వైద్యవిద్యకు మారి, 1910లో పట్టా పొందారు. 1920లో గుంటూరు వచ్చి మఠకన్య అయ్యారు. ఆ రోజుల్లో మఠకన్య వైద్యం చేయడానికి శ్రీసభ నియమాలే అడ్డు. ప్రత్యేక అనుమతి తెప్పించుకుని, ఆమె ఇక్కడి తల్లులకు, బిడ్డలకు దశాబ్దాలపాటు వైద్యం చేశారు. ఇక్కడి ఆడపిల్లలకు నర్సు పని, మందులు కలిపే పని నేర్పించారు.

ఆ తండ్రి "నీకెందుకమ్మా" అని ఊరుకుని ఉంటే? గుంటూరు తల్లులకు ఆ డాక్టరమ్మ దక్కేవారు కాదు. కూతురిని వెనక్కి లాగినప్పుడు మనం ఆపేది ఆమె ఒక్కదాన్నే కాదు, ఆమె చేతిమీదుగా మేలు పొందవలసిన ఎందరినో. అందుకే ప్రోత్సాహం మనం దయతలచి ఇచ్చే బహుమానం కాదు, తీర్చవలసిన బాకీ.

ఉపాధ్యాయులారా, కష్టమైన లెక్క వచ్చినప్పుడు బోర్డు దగ్గరికి ఎవరిని పిలుస్తున్నారు? తల్లిదండ్రులారా, ఈ సాయంత్రం మీ అమ్మాయి లెక్కల పుస్తకం అడిగి చూడండి. మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. "నాకు రాదు, నువ్వు చెప్పమ్మా" అనండి.