శత్రువు ఎముకలు

(ధ్యాన భాగము: 2 సమూయేలు 21:1–14)



మనకు కీడు చేసినవాడు బ్రదికియున్నంత కాలము వానిని క్షమింపవలెనని వాక్యము నేర్పుచున్నది. వాడు చనిపోయిన తరువాత సంగతి యేమి? చనిపోయిన శత్రువునకు మనము ఏమైన ఋణపడియున్నామా? ఈ ప్రశ్న నాకు మా ఊరిలో తోచలేదు. బహు దూరమైన యొక కొండ పట్టణములో, ఒక మధ్యాహ్నము నడచుచుండగా తోచినది.

గత సంవత్సరము సేవకుల కూటములకై నాగాలాండు ముఖ్యపట్టణమైన కోహిమాకు పోయితిని. కూటములు ముగిసిన మరునాడు అక్కడి సంఘపు యువతి యొకతె మా పదిమందిని వెంటబెట్టుకొని, 1944లో జరిగిన యుద్ధపు స్థలములను కాలినడకను చూపించెను. ఆ యేట ఏప్రిల్ మొదటి వారమున బర్మా వైపునుండి సుమారు 15,000 మంది జపాను సైనికులు ఆ కొండలమీదికి వచ్చిరి. పట్టణమును కాచిన దండు సుమారు 2,500 మంది. అందులో ఆయుధము పట్టనివారును అనేకులుండిరి. నీటి ఊటలు శత్రువుల చేజిక్కినందున, విమానములనుండి నీళ్లును మందులును జారవిడువవలసి వచ్చెను. జిల్లా అధికారి బంగళాయొద్దనున్న టెన్నిసు ఆటస్థలమునకు ఈవల ఒక సైన్యము, ఆవల ఒక సైన్యము గోతులు త్రవ్వుకొని, ఒకరిమీద నొకరు చేతిబాంబులు విసరుకొనిరి. ఆ ఆటస్థలపు గీతలను తెల్లని సిమెంటుతో గుర్తించి యుంచినారు. నేను అడుగులతో కొలిచి చూచితిని. మా గుడి పొడవుకంటె ఎక్కువ లేదు.

జపాను దాడి మన తెలుగుదేశమును తాకకపోలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసెను. అప్పుడు ప్రేలక మిగిలిన బాంబు యొకటి విశాఖ మ్యూజియములో ఉన్నది. కాబట్టి ఆ యువతి “శత్రువు” అన్నప్పుడెల్ల నేనును ఆమెతోకూడ తల ఊపుచుంటిని.

పిమ్మట సమాధుల తోటలో ప్రవేశించితిమి. కొండవాలున మెట్లు మెట్లుగా 1,420 సమాధులున్నవి. పేరు తెలిసిన ప్రతివానికిని పేరు, వయస్సు, దండు చెక్కిన కంచు పలక ఉన్నది. అన్నిటికంటె ఎత్తుగా, దహనము చేయబడిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల జ్ఞాపక చిహ్నమున్నది. ఇరువది యేండ్లు నిండని పిల్లవాని పలకయొద్ద చాలసేపు నిలిచితిని. అంతట నేను, “జపానువారి సమాధులెక్కడ?” అని అడిగితిని. ఇక్కడ లేవని ఆమె చెప్పెను.

జపానువారు వేలమంది ఆ కొండలలో చనిపోయిరి. వారి సేనాపతి సాతో, తన మనుష్యులకు తిండి రాదని తెలిసికొని, పై అధికారుల అనుమతి లేకయే వారిని వెనుకకు మరలించెను. అందుకు ఆయన పదవి పోయెను. తిరుగు దారిలో ఆకలిచేతను రోగముచేతను పడినవారు అడవిలోనే ఉండిపోయిరి. ఆ ప్రాంతపు నాగా ప్రజలును బహుగా నష్టపడిరి. వారి ఇండ్లు కాలిపోయెను, ధాన్యము పోయెను. వారు మూటలు మోసిరి, గాయపడినవారిని మోసిరి.

అప్పుడామె తన తాతగారి సంగతి చెప్పెను. యుద్ధము ముగిసి ఇల్లు చేరిన తరువాత ఆయన తన వరిమడిని త్రవ్వుచుండగా మనుష్యుల ఎముకలు బయటపడెను. అవి ఎవరివో ఆయన విచారింపలేదట. గట్టుమీద గొయ్యి తీసి పూడ్చి, మరల పనికి దిగెనట. ఆ ముసలివాని ధాన్యమును తినిపోయినవారి ఎముకలే అవి కావచ్చును!

ఆ పట్టణములోనే కథోలిక ప్రధానాలయమొకటి ఉన్నది. దానిని కట్టునప్పుడు, ఆ యుద్ధములో చనిపోయిన జపాను సైనికుల బంధువులును విరాళములు పంపిరట. తమ వారి సమాధి ఎరుగనివారు, తమ వారు చనిపోయిన ఊరిలోని ప్రార్థన మందిరమునకు ఇచ్చిరి.

ప్రియులారా, రిస్పాను జ్ఞాపకము చేసికొనుడి. సౌలు చేసిన పాపము నిమిత్తము అతని సంతతివారు ఏడుగురు చంపబడి, కొండమీద విడువబడిరి. వారిలో ఇద్దరు రిస్పా కుమారులు. ఆమె బండమీద గోనెపట్ట పరచుకొని, యవలకోత మొదలుకొని వాన కురియువరకు, పగలు పక్షులను, రాత్రి మృగములను దగ్గరకు రానియ్యలేదు. ఎండలో చేను కాచినవారికి ఆ శ్రమ యెట్టిదో తెలియును. ఈ సంగతి వినిన దావీదు ఆ యేడుగురి ఎముకలను సమకూర్పించెను. సౌలు ఎముకలను తెప్పించి అతని తండ్రి సమాధిలో పాతిపెట్టించెను. సౌలు ఎవడు? దావీదును చంపుటకు కొండలవెంట తరిమినవాడు. ఆ తరువాతనే దేవుడు దేశముకొరకైన మొర ఆలకించెనని వ్రాయబడియున్నది.

అయితే కీడు చేసినవానిని మంచివానితో సమానము చేయవచ్చునా అని మీరడుగుదురు. చేయరాదు. సౌలు చేసినది న్యాయమని దావీదు చెప్పలేదు. తన ధాన్యము పోయిన మాట ఆ నాగా రైతు మరచియుండడు. పూడ్చిపెట్టుట యనగా తీర్పు కొట్టివేయుట కాదు. తీర్పు దేవునిది, పూడ్చిపెట్టుట మనది. మనమో, మన పని విడిచి దేవుని పని చేయబూనుచున్నాము.

ఇది మీకు చెప్పుటకు ముందు నా సంగతి చెప్పవలెను. మా ఊరిలో గుడి స్థలము విషయమై సంఘముమీద వ్యాజ్యము వేసిన మనుష్యుడొకడుండెను. తొమ్మిదేండ్లు కోర్టుచుట్టు తిరిగితిమి. అతడు చనిపోయినప్పుడు అతని భార్య నన్ను ప్రార్థనకు రమ్మని కబురు పంపెను. పొరుగూరిలో కూటమున్నదని చెప్పి పంపితిని. కూటమున్న మాట నిజమే, అది సాయంకాలమునకు. భూస్థాపన ఉదయముననే జరిగెను.

కోహిమానుండి తిరిగి వచ్చిన వారములో ఆ విధవరాలి ఇంటికి పోయితిని. ఆమె మంచము వాల్చి, మంచినీళ్లిచ్చి, “ఆ రోజు రాలేదేం అయ్యగారూ?” అని అడిగెను. కూటము మాట మరల చెప్పుటకు నోరు రాలేదు. “కోపంతో రాలేదమ్మా” అంటిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. తుదకు, “సరే, ఇప్పుడు రండి” అని లేచి, సమాధుల దొడ్డికి ముందుగా నడిచెను. అక్కడ గడ్డి మోకాలెత్తు పెరిగియుండెను. మేమిద్దరము గడ్డి పెరికి, ప్రార్థించితిమి.

మీ సమాధుల దొడ్డిలోను, మీరు త్రోవ తప్పించి పోవు సమాధి యొకటి ఉండవచ్చును. ఈ నెల గడువకముందే అక్కడికి పోయి గడ్డి తీయుడి. ఇంటివారెవరైన ఉన్నయెడల వారిని కూడ పిలుచుకొని పోవుడి. ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.