ముసలితనమున ఎక్కడ నివసింతుము?

ధ్యానభాగములు: ఆదికాండము 45:28, 47:28–30, 2 సమూయేలు 19:31–39



ధనిక దేశములలో ఉద్యోగము విరమించినవారు కొందరు, తమ పింఛను నిబ్బరముగా సరిపోవు చౌక దేశమును వెదకికొని పోవుచున్నారు. 50 ఏండ్లు నిండి, బ్యాంకులో 8 లక్షల బాత్‌లు చూపగల పరదేశులకు థాయిలాండు ఇట్టి వీసా ఇచ్చుచున్నది. దుబాయియు 2020లో 55 ఏండ్లు నిండినవారికి అట్టిదే ప్రారంభించెను, అదియు సొమ్ముగలవారికే.

మన నందిపేట్, ఆర్మూరు ప్రాంతములనుండి దుబాయికి, సౌదీకి పోయిన కూలి సహోదరుల సంగతి వేరు. పని ఉన్నంతకాలమే వారికక్కడ నీడ. వారికి చౌక దేశము పుట్టిన ఊరే. అక్కడి దిర్హాములు ఇక్కడ ఇల్లు కట్టును, బోరు వేయును, పసుపు చేనికి పెట్టుబడి యగును.

అయితే ముసలితనమునకు చోటు ఎంచుకొనుటలో ఖర్చు ఒక్కటే కొలతయా?

యాకోబును చూడుడి. కరవు కాలమున ధాన్యము కొరకు కుమారులను ఐగుప్తునకు పంపెనే గాని తాను కదలలేదు. యోసేపు బ్రదికియున్నాడని నమ్మినప్పుడే ప్రయాణమాయెను. అక్కడ 17 సంవత్సరములు బ్రదికియు, తన్ను పితరులయొద్ద పాతిపెట్టవలెనని ప్రమాణము చేయించుకొనెను.

బర్జిల్లయికి 80 ఏండ్లు. యెరూషలేములో పోషింతునని దావీదు రాజు పిలిచినను, రాజునకు భారము కానొల్లక, తలిదండ్రుల సమాధి యున్న తన ఊరనే చనిపోవ గోరెను.

ఒకడు వెళ్లెను, ఒకడు ఉండిపోయెను. ఎవరిదియు తప్పు కాదు. "ఎంత ఖర్చగును?" అని గాక, "ఎవరియొద్ద ఉందును? ఎవరికి భారమగుదును?" అని ఇద్దరును యోచించిరి.

ఇక మన వంతు. 20 ఏండ్లు ఎడారిలో గడిపి వచ్చినవానికి సొంత ఊరును పరదేశమువలెనే తోచును. బిడ్డలకే తండ్రి కొత్తవాడు. పెట్టెలతో దిగినవానికి అందరు ఎదురుపోవుదురు. అప్పుతో, జబ్బుతో, చేతిసంచితో దిగినవానిని పలుకరించువారెవరు? నయోమి రిక్తురాలై తిరిగి వచ్చినప్పుడు బేత్లెహేము చేలలో ఆమె ఇంటికి పరిగె దొరకెను. మన ఊరు అట్టి ఊరేనా?

ఈ ఆదివారము గుడిలో వెనుక ఒంటిగా కూర్చున్న అట్టివాని ప్రక్కన కూర్చుండుడి. ఆరాధన ముగిసిన తరువాత భోజనమునకు పిలువుడి. ఆయన తెచ్చినదెంతయని అడుగకుడి. మనుష్యులు కనిపెట్టుకొనియున్న చోటే ముసలితనమునకు మంచి దేశము.

ప్రభువు మనకట్టి మనస్సు ననుగ్రహించును గాక. ఆమేన్.